ఏ తరం బెంజి కొనాలి? నక్షత్రాన్ని చూసి తొందరపడకండి

చిన్న కొత్త కారు ధరకే పాత బెంజి దొరుకుతోందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ లాగడంలో సగం పని బానెట్ మీద నిలబడ్డ మూడు కోణాల నక్షత్రానిదే. చిక్కంతా అక్కడే ఉంది. ఆ నక్షత్రం 1985 కారు మీదా ఉంది, 2003 కారు మీదా ఉంది. ఆ రెంటినీ ఒకే ఫ్యాక్టరీ చేసిందంటే నమ్మలేనంతగా కంపెనీ మధ్యలో మారిపోయింది. బెంజి అంటే పాతికేళ్లయినా చెక్కు చెదరదన్న పేరు కొన్ని ఏళ్ల కార్లు సంపాదించి పెట్టినది. తర్వాత వచ్చినవి ఆ పేరును తిని బతికాయి. కాబట్టి కొనేవాడు ముందు అడగాల్సింది ధర కాదు, తయారైన సంవత్సరం.

ఇక్కడ బెంజి మధ్య సైజు కారైన ఇ-క్లాస్ వరకే మాట్లాడతాను. అంతకంటే పెద్దదైన ఎస్-క్లాస్‌ను పాతది కొనడం వేరే సాహసం, దాని జోలికి వెళ్లను. జర్మనీలో టాక్సీ డ్రైవరూ డాక్టరూ ఇద్దరూ కొన్న కారు ఇ-క్లాసే కాబట్టి, కంపెనీ పేరు నిలిచినా పడినా దీని మీదే. తరాలను కంపెనీ లోపలి సంఖ్యలతో పిలవడం అలవాటు: డబ్ల్యూ123 (1976–85), డబ్ల్యూ124 (1984–95), డబ్ల్యూ210 (1995–2002), డబ్ల్యూ211 (2002–09), డబ్ల్యూ212 (2009–16). ఇకపై ఉత్త అంకెలే వాడతాను.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది

కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు ఆ బండి నడుపుకుంటూ వెళ్లింది. దారిలో వీస్లోహ్ ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. కారు నమ్మదగిన వస్తువని లోకానికి చూపించినది కంపెనీ ప్రకటన కాదు, ఆ ప్రయాణం. అదే కాలంలో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ ష్టుట్‌గార్ట్ పక్కన కాన్‌ష్టాట్‌లో వేరే దారిలో పని చేస్తున్నారు. ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి తన కూతురు మెర్సిడెస్ పేరును డైమ్లర్ కార్లకు పెట్టించాడు. రెండు కంపెనీలు 1926లో కలిశాయి.

యుద్ధం తర్వాతి కీర్తి ప్రధానంగా భద్రతతో వచ్చింది. ప్రమాదంలో కారు ముందూ వెనకా నలిగి, మనుషులు కూర్చునే మధ్య భాగం గట్టిగా నిలవాలన్న ఆలోచన ఇంజినీరు బేలా బరేనీది. 1959లో వచ్చిన డబ్ల్యూ111 అనే కారుతో అది రోడ్డెక్కింది. 1978లో విడిభాగాల కంపెనీ బాష్‌తో కలిసి, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ను, ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఎయిర్‌బ్యాగును ఎస్-క్లాస్‌కు తెచ్చారు. ఇవి ప్రచారం కోసం చెప్పుకునే గొప్పలు కావు, మిగతా కంపెనీలన్నీ తర్వాత అనుసరించినవి.

ఈ చరిత్రలో చీకటి పేజీ కూడా ఉంది, దాన్ని దాటేసి కీర్తి గురించి మాట్లాడటం న్యాయం కాదు. 1944లో డైమ్లర్-బెంజ్‌లో పనిచేసిన 63,610 మందిలో దాదాపు సగం మంది బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్లు. ఈ లెక్కను కంపెనీయే తన చరిత్రలో ఒప్పుకుంది.

మన దేశానికి బెంజి ముందు లారీగా వచ్చింది. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. 1969 దాకా టాటా లారీల ముందు నక్షత్రం ఉండేది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు బెంజి అనగానే గట్టి బండి అన్న భావం కలగడానికి కారుకంటే ఆ లారీయే ఎక్కువ కారణమని నా నమ్మకం.

123: గుడికి వెళ్లినట్టు వెళ్లేవాళ్లకు

దాదాపు 27 లక్షలు తయారైన కారిది. వచ్చిన కొత్తలో నెలల తరబడి వేచి ఉండలేక, కొద్దిగా నడిపిన కారును కొత్త ధర కంటే ఎక్కువ పెట్టి కొన్నారు జర్మన్లు. డీజిల్ ఇంజిన్లు మొండివి. గ్రీసులో గ్రెగోరియోస్ సాకినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 46 లక్షల కిలోమీటర్లు తిప్పిన 240డి అనే డీజిల్ బెంజి ఇప్పుడు కంపెనీ మ్యూజియంలో ఉంది. దాన్ని చూపించి 123ను పొగడటం రివాజు గానీ, అసలు అది 123 కాదు, దాని ముందు తరం. మధ్యలో ఇంజిన్లు పలుమార్లు మార్చారు కూడా. మొండితనం నిజమే, మాయ మాత్రం లేదు.

ఈ కారు వేగం గురించి ముందే చెప్పాలి. తొలినాటి 200డిలో ఉన్నది 55 అశ్వశక్తి. నిలిచినచోటి నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి అర నిమిషం పట్టేది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద దీనితో చేరడమంటే గుండె ధైర్యం కావాలి. ఇంకో విషయం, డీజిల్ 123లో ఇంజిన్ ఆపేది కరెంటు కాదు, వాక్యూమ్. తాళాలు వేసేదీ అదే. సన్నటి గొట్టాల్లో ఎక్కడో గాలి కారితే, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా ఇంజిన్ టకటకమంటూనే ఉంటుంది. చూడటానికి వింతగా ఉన్నా పెద్ద జబ్బు కాదు, రబ్బరు ముక్కలు మారిస్తే పోతుంది.

మన దేశంలో దీన్ని కంపెనీ అధికారికంగా అమ్మలేదు. అప్పట్లో దిగుమతైన కొద్దిపాటి కార్లే తిరుగుతున్నాయి, వాటి కాగితాలు సక్రమంగా ఉండటం అరుదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకైతే సంగతి వేరు: అక్కడ 1982–85 మధ్య అమ్మిన 300డి టర్బో డీజిల్ ఇంకా తేలిగ్గానే దొరుకుతుంది, విడిభాగాలకూ కొదవ లేదు. మంచు కురిసే రాష్ట్రాల్లో ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన కారును వదిలేసి, కాలిఫోర్నియా లాంటి పొడి ప్రాంతపు కారు వెతుక్కోండి.

124: అందరూ మెచ్చుకునేది, అందులో ఒక మెలిక

నన్నడిగితే మెర్సిడెస్ ఇంజినీర్ల మాట కంపెనీలో చివరిసారి పూర్తిగా చెల్లిన కారు ఇదే. చూడటానికి సాదాసీదాగా, గవర్నమెంటు ఆఫీసు బీరువాలా ఉంటుంది. కానీ గాలిని కోసుకుపోయే తీరు లెక్కగట్టే గుణకం (ఎంత తక్కువైతే అంత మంచిది) 0.29, 0.30 దగ్గర ఉండేది. 1984లో అది చాలా గొప్ప సంఖ్య. వెనక చక్రాలకు ఒక్కోదానికి అయిదు కడ్డీలతో కట్టిన సస్పెన్షన్ వల్ల గుంతల రోడ్డు మీద కూడా కారు కుదురుగా పోతుంది. వాన పడుతున్నప్పుడు ఈ కారులో కూర్చుంటే వైపరును గమనించండి. ఉండేది ఒక్కటే. అది అటూ ఇటూ తిరుగుతూనే మూలల దగ్గర పొడుగు సాగి, మధ్యలో కుదించుకుంటుంది. అద్దంలో 86 శాతం తుడుస్తుంది. రెండు వైపర్లు పెడితే సరిపోయే పనికి ఇంత యంత్రాంగం ఎందుకని లెక్కల గుమాస్తా అడిగి ఉంటాడు. ఆ రోజుల్లో అతని మాట వినలేదు, అంతే.

ఇదే తరంలో 500ఇ అనే వి8 (ఎనిమిది సిలిండర్ల) కారు ఉంది. దాని వెడల్పాటి మడ్‌గార్డులు జిండెల్‌ఫింగెన్‌లోని మెర్సిడెస్ ఫ్యాక్టరీ వరుసలో పట్టకపోవడంతో, పక్కనే ఉన్న పోర్షె ఫ్యాక్టరీకి పంపి, మళ్లీ తెప్పించి, ఒక్కో కారుకు 18 రోజులు పెట్టి చేశారు. అది కొనే స్తోమతున్న వాళ్లకు నా సలహా అక్కర్లేదు.

ఇక మెలిక. 1992 ప్రాంతం నుంచి 1995 దాకా ఇంజిన్ వైర్లకు వాడిన తొడుగు, వాడి పారేశాక నేలలో కలిసిపోవాలని ఎంచుకున్న రకం. అది ఇంజిన్ వేడికి నేలలో కలిసేదాకా ఆగలేదు. పెళుసెక్కి, పెచ్చులూడి, లోపలి రాగి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. కారు తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది, ఇంజిన్ కంప్యూటరు కూడా కాలిపోవచ్చు. మనకు ఇది ఎందుకు ముఖ్యమంటే, భారత్‌లో తయారైన తొలి మెర్సిడెస్ కార్లు ఈ 124లే. టెల్కోతో ఉమ్మడి కంపెనీ పెట్టి 1995లో పుణెలో ఇ220ని కట్టడం మొదలుపెట్టారు, సరిగ్గా జర్మనీలో ఆ సెడాన్‌కు స్వస్తి పలికిన ఏడాది. అంటే మన దగ్గర దొరికే 124 పెట్రోలు కార్లు ఆ చెడ్డ వైర్ల కాలం చివరన పుట్టినవి. కొనే ముందు బానెట్ ఎత్తి, ఇంజిన్ దగ్గర వైర్ల కట్ట మీది నల్లటి గొట్టాన్ని కాస్త వెనక్కి జరిపి, లోపలి తీగను గోటితో మెల్లగా వంచి చూడండి. రబ్బరులా వంగితే మార్చారని అర్థం. బిస్కెట్టులా విరిగితే కొత్త వైరింగు ఖర్చు ధరలో తగ్గించమనండి. డీజిల్ 250డిలో ఎలక్ట్రానిక్స్ తక్కువ కాబట్టి ఈ బెడద కూడా తక్కువ. ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం ఓపిక పట్టాలి.

మధ్యలో ఏం జరిగింది

1989లో టయోటా లెక్సస్ ఎల్‌ఎస్400ని అమెరికాలో దింపింది. మెర్సిడెస్‌తో పోల్చదగ్గ నిశ్శబ్దం, పనితనం, బాగా తక్కువ ధర. అప్పటిదాకా జర్మన్ల పద్ధతి ఏమిటంటే, కారు ఎంత బాగా చేయగలమో అంత బాగా చేసి, ఖర్చు కూడి, లాభం కలిపి ధర చెప్పడం. లెక్సస్ తర్వాత అది తలకిందులైంది: ముందు ధర అనుకుని, ఆ ధరలో పట్టేలా కారు చేయాలి. దానికి తోడు కంపెనీ పెద్దలు విమానాలు, విద్యుత్ పరికరాల వ్యాపారాల్లోకి దిగి చేతులు కాల్చుకున్నారు. 1995లో డైమ్లర్-బెంజ్ నష్టం 570 కోట్ల మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ). 1998లో క్రైస్లర్‌తో కలిసి, 2007లో విడిపోయారు. ఆ దశాబ్దపు కార్లలో ఈ తికమక అంతా కనిపిస్తుంది.

1997 అక్టోబరులో స్వీడన్‌లోని ఒక కార్ల పత్రిక, రోడ్డు మీద హఠాత్తుగా దుప్పి అడ్డొస్తే ఎలా తప్పించుకోవాలో చూసే పరీక్షలో మెర్సిడెస్ కొత్త చిన్న కారు ఎ-క్లాస్‌ను నడిపితే, అది బోల్తా పడింది. భద్రతకు పేరుమోసిన కంపెనీకి అంతకంటే అవమానం ఏముంటుంది? అయితే వాళ్లు సర్దుకున్న తీరు మెచ్చుకోదగ్గది. అమ్మకాలు ఆపి, కారు పట్టు తప్పకుండా కాపాడే ఈఎస్‌పీని ప్రతి ఎ-క్లాస్‌కూ బిగించారు. ఆ ఖరీదైన పరికరం చిన్న కార్లకు పాకడానికి ఆ బోల్తానే పెద్ద ఊపునిచ్చింది.

210: ఇంజిన్ బంగారం, ఒళ్లు ఇనుము

నాలుగు గుండ్రటి దీపాల ముఖంతో వచ్చిన ఈ తరం తుప్పుకు పేరుపడింది. తలుపుల అంచులు, డిక్కీ తాళం చుట్టూ, నంబరు ప్లేటు పైన పెయింటు బుడగలు లేస్తాయి. అవి చూడటానికే అసహ్యం, ప్రమాదం మాత్రం వేరేచోట ఉంది. ముందు చక్రం పైన స్ప్రింగు ఆనుకునే రేకు గిన్నె, దాన్ని అతికించిన చోట తుప్పు పట్టి, ఒకరోజు ఊడిపోతుంది. టైరు పక్కకు తిప్పి, టార్చి వేసి ఆ అతుకు చుట్టూ పూసిన సీలెంటు ఉబ్బిందేమో చూడాలి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే అనుమానించండి.

ఇక్కడ మన వాతావరణం కొంత మేలు చేస్తుంది. జర్మనీలో ఈ కార్లను తినేసింది చలికాలపు రోడ్ల ఉప్పు. హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో తిరిగిన 210 ఒళ్లు చాలావరకు బాగుండొచ్చు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి పదేళ్లు నిలిపిన కారైతే మాత్రం చూడటానికి కూడా వెళ్లనక్కర్లేదు. ఇంజిన్లు, ముఖ్యంగా డీజిల్ ఇంజిన్లు, పాత పెద్దరికాన్ని నిలబెట్టుకున్నాయి. అయినా నేను దీన్ని సిఫారసు చేయను. 124 ఇచ్చే తృప్తి ఇందులో లేదు, 211 ఇచ్చే సుఖమూ లేదు. చవకగా వస్తుందన్నదొక్కటే దీని వాదన.

211: సగం వరకు వద్దు, తర్వాతి సగం చూడండి

ఈ తరాన్ని 2006కు ముందు, తర్వాత అని రెండు కార్లుగా లెక్కవేయాలి. ముందు సగంలో ఎస్‌బీసీ అనే బ్రేకు ఉంది. మీరు పెడల్ తొక్కితే మామూలు కార్లలోలాగా ఆ బలం నేరుగా చక్రానికి వెళ్లదు. కంప్యూటరు చూసి, విద్యుత్ పంపు నింపిన ఒత్తిడిని చక్రాలకు పంపుతుంది. కారు తాళం తీసి తలుపు తెరవగానే బానెట్ కింద గుర్రుమనే చప్పుడు వస్తే అదే ఆ పంపు. పనిచేసినంతకాలం అద్భుతం. చెడితే ముందు చక్రాలకే బ్రేకు మిగులుతుంది, అదీ పెడల్‌ను బలంగా లోతుకంటా తొక్కితే. 2004లో ఈ బ్రేకు కోసం 6.8 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. మరుసటి ఏడాది రకరకాల లోపాలకు 13 లక్షలను పిలిచారు. 2006 మార్పుల్లో ఎస్‌బీసీని తీసేసి మామూలు హైడ్రాలిక్ బ్రేకుకు వచ్చేశారు. అంతకుముందు కార్లలోనైతే ఆ పంపు బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో లెక్కపెట్టుకుని, నిర్ణీత సంఖ్య దాటగానే మార్చమంటుంది. కొత్త పంపు ధర విన్నాక కారు అమ్మేవాళ్లే ఎక్కువ.

2006 తర్వాతి కార్లలోనూ ఇంజిన్ చూసి ఎంచుకోవాలి. ఇ220 సీడీఐలోని నాలుగు సిలిండర్ల డీజిల్ నమ్మకమైనది, మైలేజీ బాగుంటుంది, ఏ మంచి షెడ్డులోనైనా పని తెలిసినవాళ్లు ఉంటారు. ఇ280 సీడీఐలోని వి6 (ఆరు సిలిండర్ల డీజిల్) నడపడానికి ఎంతో హాయి గానీ, రెండు సిలిండర్ల వరుసల మధ్య లోయలో కూర్చున్న ఆయిల్ కూలర్ సీళ్లు కారడం దాని అలవాటు. సీలు ధర తక్కువే, దాని దగ్గరికి చేరడానికి విప్పాల్సిన సామాను ఎక్కువ. పెట్రోలు వి6 తొలి ఏళ్లలో ఇంజిన్ అదురును తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టు పళ్లచక్రం అరిగిపోయే లోపం ఉంది. ఇంజిన్ మొత్తం విప్పాలి కాబట్టి, ఆ పని చేయించిన బిల్లు లేకపోతే వెనుదిరగండి.

212: నిత్యం తిరిగేవాళ్లకు

ఇందులో పాత గట్టితనం చాలావరకు తిరిగొచ్చింది. రోజూ ఆఫీసుకు వెళ్లాలి, నెలకోసారి కుటుంబంతో తిరుపతికో శ్రీశైలానికో పోవాలి అనుకునేవాళ్లు దీనికంటే వెనక్కి వెళ్లనక్కర్లేదు. తొలి ఏళ్ల డీజిల్ కార్లలో ఇంజెక్టర్లు చెడ్డవి, వాటిని మార్చారో లేదో కంపెనీ సర్వీసు రికార్డులో అడగండి. టైమింగ్ చైను ఇంజిన్ వెనకవైపు ఉంటుంది, గలగల చప్పుడు ఉంటే ఖర్చు భారీగా ఉంటుంది.

పొగ విషయం కూడా చెప్పాలి. డీజిల్ పొగ పరీక్షల్లో మోసం చేసి ఫోక్స్‌వ్యాగన్ పట్టుబడ్డాక మెర్సిడెస్ డీజిళ్ల మీదా విచారణ జరిగింది. 2019లో ష్టుట్‌గార్ట్ ప్రాసిక్యూటర్లు 87 కోట్ల యూరోల జరిమానా వేశారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వంతో సుమారు 150 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. మీ కారు నడకకు దీనివల్ల తేడా ఉండదు. ఊపిరితిత్తుల సంగతి ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

మరి ఏది

రోజువారీ కారు కావాలి, షెడ్డులో కాలక్షేపం చేసే తీరిక లేదు అంటే 2012 తర్వాతి 212 డీజిల్. డబ్బు అంతకంటే తక్కువ ఉంటే 2007–09 మధ్య 211 ఇ220 సీడీఐ. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆదివారాల కోసం, చేతులకు గ్రీజు అంటినా సంతోషించే మనిషైతే, వైర్లు మార్చిన పుణె 124. ఎంత చవకగా వచ్చినా 2003–05 మధ్య 211 తీసుకోకండి. ఏనుగును కొన్నవాడికి అంకుశం ఖర్చు లెక్క కాదంటారు గానీ, ఇక్కడ అంకుశం ధర ఏనుగును మించిపోతుంది. కొన్న ధరలో మూడోవంతు పక్కన పెట్టుకోలేనివాళ్లు ఏ బెంజి జోలికీ వెళ్లకపోవడం మంచిది, మంచి మారుతి ఆ డబ్బుకు హాయిగా తిరుగుతుంది.

కాగితాల్లో రెండు సంగతులు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్సు కట్టి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అది అమ్మేవాడు చేయించాడా, మీ నెత్తిన పెడుతున్నాడా తేల్చుకోండి. రెండోది, దిల్లీ ప్రాంతంలో పాత డీజిళ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి బెంజిలు ఎన్‌ఓసీతో దక్షిణాదికి చవకగా వస్తాయి. వాటికి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి, అది కలిపాకే చవకో కాదో చెప్పగలం. హైదరాబాద్ కారైతే 2020 వరదల్లో నీళ్లు తాగిందేమో చూడండి: ముందు సీటు కింది కార్పెట్టు ఎత్తితే, సీటు పట్టాల బోల్టుల మీద బురద మరక, తుప్పు దాగవు. ఎంత కడిగినా ఆ మూల వరకు ఎవరూ కడగరు.

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వస్తున్నట్టు గంట ముందు ఫోను చేయకండి. డీజిల్ ఇంజిన్ రోగాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి: చైను చప్పుడు, తెల్ల పొగ, అయిష్టంగా స్టార్టు కావడం. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా తగిలితే, కారు బాగుందని చెప్పి టీ తాగి వచ్చేయండి, మర్నాడు మళ్లీ వెళ్లండి.